ఏటి బొమ్మ

ఆ మహాచిత్రకారుడికి కుంచె పట్టడం నేర్పింది నేనే.

ఈ మాట పత్రికలవాళ్ళకి చెప్పాను, రేడియోవాళ్ళకి చెప్పాను, ఒకసారి పెళ్ళిభోజనంలో నా పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దమనిషికి కూడా చెప్పాను. చెప్పినప్పుడల్లా ఎదుటి మనిషి నావైపు కాస్త వంగుతాడు. ఆ వంగడం చూడటానికే చెబుతుంటాను. నిజం కావాలా? నేను అతనికి నేర్పింది కుంచె కడగడం. అదీ అతను సరిగ్గా నేర్చుకోలేదు.

ఇప్పుడతను లేడు. పోయాక బాగా పెద్దవాడయ్యాడు. బతికుండగా "ఎవరూ?" అన్నవాళ్ళంతా ఇప్పుడు అతనితో కలిసి టీ తాగినవాళ్ళే. అతని పేరు ఇక్కడ రాయను. ఎవరి పేరూ రాయను. ఒకే ఒక్క పేరు రాయాల్సి వచ్చింది. అది ఇక్కడ కాదు, ఒక గోడ మీద. ఆ గొడవే ఇదంతా.

టెక్కలిలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. నలభై ఏళ్ళు దాటిన మాట. నాది బోర్డులు రాసే పని. కిరాణా కొట్లు, సోడా బళ్ళు, బస్సుల నుదుళ్ళు, ఎన్నికలొస్తే ఊళ్ళో గోడలన్నీ నావే. ప్రతి బోర్డు కింద మూలన నా పేరు, పక్కన 'ఆర్ట్స్' అని పెట్టుకునేవాణ్ణి. కొన్నిచోట్ల కొట్టు పేరుకన్నా నా పేరే బాగా కనిపిస్తోందని తగాదాలయ్యాయి. అతను శృంగవరపుకోట వైపు రైతుల బిడ్డ. బొమ్మల చదువు సగంలో వదిలేసి, సముద్రం చూస్తే తప్ప బొమ్మ రాదని బయల్దేరి మా ఊళ్ళో బస్సు దిగాడు. మా ఊళ్ళో సముద్రం లేదు. ఆ సంగతి దిగాక తెలిసింది.

తిండి గడవాలి కదా అని నా పనిలో పెట్టుకున్నాను. మొదటిరోజే అతని సరుకు తెలిసిపోయింది. తెలుగు అక్షరమంటే సగం సున్నాయే. ఈ మహానుభావుడికి సున్నా చుట్టడం రాదు. ఒక కొట్టుకి 'బియ్యం, పప్పులు' అని రాయమని పంపిస్తే, సాయంత్రం కొట్టువాడు నా గుమ్మంలోకొచ్చి, "ఏటి బావా, బోర్డు రాయమంటే వడియాలెట్టినాడేటి మీవోడు?" అన్నాడు. ఆ వడియాల చెయ్యే తరవాత దేశాలు తిరిగింది. పెద్ద పెద్ద వాళ్ళు దాన్ని 'సంకెళ్ళు తెంచుకున్న గీత' అన్నారు. తెంచుకోవడానికి ముందు అతనికి సంకెళ్ళెక్కడివి? రానిది రాదు, అంతే.

మా గదికి వారానికోసారి భావనపాడు నుంచి ఎండుచేపల ఆవిడ వచ్చేది. అప్పటికి ఆవిడకి ముప్పై ఉంటాయేమో. గంపలో నెత్తళ్ళు, కవళ్ళు. గంపకీ నెత్తికీ మధ్య పాతచీర పేలిక చుట్ట చుట్టి పెట్టుకునేది. చుట్టకుదురంటాం మేము. నీళ్ళకి వెళ్ళేవాళ్ళు, గంపలు మోసేవాళ్ళు అందరూ పెట్టుకునేదే. అందులో చూడాల్సిందేముంది? ఆ రోజు ఆవిడ గంప దించి, కుదురు నెత్తిమీదే ఉంచి, గుమ్మంలో వీధివైపు తిరిగి చెమట తుడుచుకుంటోంది. ఇతను చాపమీంచి దిగ్గున లేచాడు.

"అమ్మా, అలాగే ఉండు. కదలకు."

"ఏటి, జెర్రి గాని పాకుతున్నాదేటి?"

"కాదమ్మా. బొమ్మేస్తాను."

"నాకేటి బొమ్మ బాబూ, నాకాడ బొమ్మలేటి ఉంటాయి..." అంటూనే నిలబడింది. మంచి మనిషి. మిట్టమధ్యాహ్నం, గుమ్మానికి నీడ కూడా లేదు. కాసేపటికి, "బేగి కానీయండి బాబూ, కాకులు నా నెత్తళ్ళ కాడికొస్తన్నాయి" అంది.

ఆ బొమ్మ కూర్పులో అతనికి నేనే సలహా ఇచ్చానని ఒక పత్రికలో అచ్చయింది. అచ్చువేసింది వాళ్ళే గాని చెప్పింది నేనే. నేను ఆ మధ్యాహ్నం చేసిన పని కాకుల్ని తోలడం.

వారం తరవాత ఆవిడ మళ్ళీ వచ్చేసరికి బొమ్మ గోడకి ఆనించి ఉంది. బూడిదరంగు మీద తెల్లటి వంపు, వంపు మీద వంపు, ఎడమపక్కన ఒక ముడి, దాని మీద దించేసిన గంప తాలూకు నల్లటి బరువు. కళ్ళు లేవు, ముక్కు లేదు. ఆవిడ గంప దించి, నడుం మీద చెయ్యేసుకుని చాలాసేపు చూసింది.

"ఏటి బొమ్మ బాబూ ఇది?"

అతను నోరు మెదపలేదు. గొప్పవాళ్ళు మెదపరు. నేనే చెప్పాను, "నువ్వే."

"నానా! ఓలమ్మో! మరి నా మొహమేదీ?"

"మొహం అటువైపుంది కదా."

"అయితే ఆ బాబు అటేపొచ్చి ఎయ్యొచ్చు గదా!"

ఆ తరవాత ఈ బొమ్మ మీద పుస్తకాలొచ్చాయి. నేను చదివినంతలో ఇంత సూటి ప్రశ్న ఇంకెవరూ వెయ్యలేదు.

బొమ్మ హైదరాబాదు ప్రదర్శనకి పంపాలి. చెక్కపెట్టె కొట్టించాం. వెనక పేరు రాయాలన్నారు. "ఏదో ఒకటి రాసెయ్యిరా బావా, నీ అక్షరం బాగుంటుంది" అన్నాడతను. నేను నా బోర్డు కుంచె తీసి, నీలం ఎనామిల్‌తో, గుండ్రంగా, ముత్యాల్లాగా రాశాను: ఏటి బొమ్మ.

మా వైపు 'ఏటి' అంటే 'ఏమిటి'. పుట్టినప్పటినుంచీ పోయేదాకా మేం ఎక్కువగా వాడే మాట అదే. ఆవిడ అడిగిన ప్రశ్నని అలాగే దించాను. ప్రశ్న గుర్తు మాత్రం పెట్టలేదు. బోర్డుల మీద ప్రశ్న గుర్తులు పెట్టే అలవాటు లేదు నాకు. 'బియ్యం?' అని ఎవడు రాయించుకుంటాడు?

హైదరాబాదులో దాన్ని చదివినవాళ్ళకి 'ఏటి' అంటే ఏరు. ఏటి ఒడ్డు, ఏటి గట్టు, ఏటి బొమ్మ. అంటే ఏరు తాలూకు బొమ్మ. తెల్లటి వంపు నీటిపాయ. నల్లటి బరువు మబ్బో, కొండో. బహుమతి ఇచ్చారు. పేపర్లో 'ఏటిని మనిషిలా చూసిన కుర్రవాడు' అని వేశారు. ఇతను అక్కణ్ణుంచి టెక్కలి రాకుండా అటే వెళ్ళిపోయాడు. ఇక చూడండి, జీవితాంతం ఏరులే వేశాడు. ఎండిన ఏరు, పొంగిన ఏరు, నిద్రపోతున్న ఏరు. అతన్ని చూసి పిల్లలు, ఆ పిల్లల్ని చూసి ఇంకా చిన్నపిల్లలు. ఇప్పుడు మన వైపు కుంచె పట్టిన ప్రతివాడూ ఒక ఏరు వేసి గాని పెళ్ళి చేసుకోవడం లేదు. రెండు తరాల చిత్రకళ నా ప్రశ్న గుర్తు లేకపోవడం మీద నిలబడి ఉంది. ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు. కొంచెం పెంచాను.

ఒకసారి, బాగా పేరొచ్చాక, మా ఇంటికొచ్చాడు. పొడుగు లాల్చీ, మెడలో గుడ్డ. సంగతి అడిగాను. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఉంచరా బావా. ఏరనుకున్నారు కదా, ఏరే. మనిషికన్నా ఏరు ఎక్కువ దూరం పోతాది" అన్నాడు.

"మరి ఆ గంపావిడ?"

"ఏ గంపావిడ?"

అతని మీద నాకు అసహ్యం పుట్టిన నిమిషం అది. ఇంకో ఇరవై నిమిషాల్లో పోయింది కూడా, ఎందుకంటే వెళ్ళేముందు మా వీధి అంతా చూస్తుండగా నన్ను కౌగలించుకున్నాడు.

ఆవిడ మాత్రం మా ఇంటికి వస్తూనే ఉంది. నాకు పెళ్ళయింది, గది ఇల్లయింది, ఆవిడ వేసే కుప్ప నా భార్య చేటలోకి మారింది. మోకాళ్ళు పట్టేసి గంప మానేసేదాకా ఏళ్ళతరబడి ఆవిడ నెత్తళ్ళు తిన్నాను. ఎదురుపడితే "ఏమ్మా, బాగున్నావా" అనేవాణ్ణి. అంతే.

అతను పోయాక ఒక పరిశోధకుడు మా ఇంటికొచ్చాడు. నలభై ఏళ్ళవాడు, మర్యాదస్థుడు, హైదరాబాదు మనిషి. నన్ను 'గురువుగారూ' అన్నాడు. బోర్డులు రాసేవాణ్ణి, అవీ ఫ్లెక్సీలొచ్చాక మూలపడ్డవాణ్ణి, నన్ను గురువుగారూ అంటే నేను ఏమైనా చెబుతాను. ఆ సంగతి అతనికి తెలియాల్సింది. సెల్‌ఫోను నా ముందు పెట్టి, "ఏటి బొమ్మ వేసిన రోజు గురించి చెప్పండి" అన్నాడు.

నేను శ్రీముఖలింగం తీసుకెళ్ళాను అతన్ని. అంటే మాటల్లో. గుడి దగ్గర వంశధార ఒడ్డున మూడు రోజులు ఇద్దరం పస్తులతో కూర్చున్నామన్నాను. మూడో రోజు సూర్యుడు దిగుతుంటే అతను కుంచె ఎత్తాడన్నాను. గొంతు కొంచెం తగ్గించి, కాస్త ఆగి, ఇలా ముగించాను: "అక్కడ మనిషి జాడ లేదు. ఉన్నది ఏరొక్కటే."

పరిశోధకుడు వంగాడు. మామూలుగా కాదు, కుర్చీ అంచుదాకా వచ్చాడు.

అతను వెళ్ళాక నా భార్య కాఫీ గ్లాసులు తీస్తూ అంది, "శ్రీముఖలింగం మీరెళ్ళింది మన పెళ్ళయ్యాక, నాతో. ఆరోజు పస్తేటి, పులిహోర పొట్లాలు నాదీ మీదీ రెండూ మీరే తినేసినారు."

తరవాత ఆ మాటలు పుస్తకంలో వచ్చాయి. బొమ్మలో ఎడమపక్కనున్న ముడి శ్రీముఖలింగం దగ్గర ఏటి మలుపని, అందులో గుడి గర్భం దాగి ఉందని నాలుగు పేజీలు రాశాడా పరిశోధకుడు. నా అబద్ధం ఒక గింజ. అతను వేసింది పంట.

ఈమధ్య విజయనగరంలో అతని స్మారక మందిరం కట్టారు. అతను వాడిన వస్తువులేమైనా ఉంటే ఇమ్మని నన్నడిగారు. ఏముంటాయి? అతను నా వస్తువులే వాడేవాడు. అలాగని వాళ్ళని వట్టిచేతులతో పంపలేక ఒక ఇత్తడి మగ్గు ఇచ్చాను. అదిప్పుడు అద్దాలపెట్టెలో ఉంది. 'రంగులు కలిపిన పాత్ర. అంచున తెలుపు చారలు గమనించండి' అని రాశారు. అది నేను గెడ్డం గీసుకునే మగ్గు. చారలు సబ్బువి.

ఏటి బొమ్మని ఢిల్లీ నుంచి రప్పించి నడిగోడకి పెడుతున్నారు. దాని కింద గోడమీద 'మనిషి జాడ లేదు' అన్న నా వాక్యం, నా చేతి అక్షరాల్లో ఉండాలని కమిటీవాళ్ళ కోరిక. 'గురువుగారి స్వహస్తం' అన్నారు. చాలా ఏళ్ళ తరవాత కుంచెలు తీసి కిరసనాయిల్లో నానబెట్టాను. ఎంత సంబరపడ్డానంటే, వీధిలో అందరికీ చెప్పాను. భావనపాడుకి కూడా నేను చెప్పక్కర్లేకుండానే చేరింది.

ఒక పొద్దున్న ఆటోలోంచి ఆవిడ దిగింది. పూర్తిగా ముసలిదైపోయింది. నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్నేమో గాని మోకాళ్ళు నాకంటే పెద్దవి. మా అరుగుమీద కూర్చుని, కొంగులోంచి మడతపెట్టిన పేపరుముక్క తీసింది. ఎండుచేపలు పొట్లం కట్టడానికి తెచ్చుకున్న పాతపేపర్లలో దొరికిందట. దాని మీద బొమ్మ.

"బాబూ, ఇది నాదే గదా?"

నేను కళ్ళద్దాలు వెతుక్కున్నాను. అవి నా ముక్కుమీదే ఉన్నాయి.

"ముడి సూడు. అందరూ గుడ్డ కొస కుడేపు దోపుతారు. నాది ఎడంసెయ్యి వాటం. ఎడమేపు దోపుతాను. మా పేటలో ఇలగ దోపేది నానొక్కర్తినే. మాయమ్మ ఎన్నిసార్లు కొట్టినా మారనేదు." గోరుతో ఆ ముడిని, అంటే శ్రీముఖలింగం గుడి గర్భాన్ని, రెండుసార్లు తట్టింది. "పేటలో అందరికీ సెప్పినాను, నా బొమ్మ ఇజినారం మేడలో ఎడతన్నారని. మనవరాలు ఇది సదివి, 'అవ్వా, అక్కడ మనిసే నేదట, ఏరట' అన్నాది. ఎవులో పెద్దాయన సెప్పినాడట."

"ఎవరో ఏదో చెబుతుంటారులే అమ్మా" అన్నాను.

లోపల్నుంచి నా భార్య గొంతు వచ్చింది. "ఆ పెద్దాయన నీ ఎదురుగానే ఉన్నాడొదినా."

ఆవిడ నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఎందుకు బాబూ అలగ సెప్పినావు? నిలబడినాను గదా, ఎండలో. నువ్వే గదా కాకుల్ని తోలినావు."

నేను ఆ పేపరుముక్కని పాత మడతల మీదే మళ్ళీ మడతపెట్టాను.

"ఇప్పుడు ఈధిలో ఎవులెదురొచ్చినా 'ఏటమ్మా ఏరమ్మా, ఎటు పారతన్నావు?' అంటన్నారు. నవ్వితే నవ్వనీ. నాకేటొద్దు బాబూ. మనిసి నేదన్న మాట తీయించు. నానున్నాను గదా."

మర్నాడే విజయనగరం వెళ్ళి, కమిటీవాళ్ళ ముందు బల్ల గుద్ది నిజం చెప్పాను.

ఇది రాస్తున్నప్పుడు కూడా చెయ్యి అలవాటు మానలేదు. వెళ్ళలేదు. పరిశోధకుడికి మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి గోడ సున్నం ఆరిందా అనడిగాను. రెండోసారి భోజనం ఏర్పాట్లడిగాను. మూడోసారి అతనే, "గురువుగారూ, ప్రారంభోత్సవంలో మీకు శాలువా కప్పుతున్నాం" అన్నాడు. ఇక ఏం మాట్లాడతాను? ఆ శాలువా నా భుజాల మీద అప్పుడే బరువుగా తగిలింది. నిజం చెబితే దాన్ని నాకు బదులు ఎవరికి కప్పుతారో కూడా ఊహించుకున్నాను.

నా భార్య నాతో వారంపాటు మాట్లాడలేదు. కూరలో నెత్తళ్ళు వెయ్యడం మానేసింది. మా ఇంట్లో అది పెద్ద శిక్ష.

ప్రారంభానికి ముందురోజు పొద్దున్నే రాయడానికి బయల్దేరుతుంటే నా భార్య కూడా చీర మార్చుకుని తయారై ఉంది. "నానూ వస్తాను" అంది. బస్సెక్కాక చూస్తే వెనక సీట్లో భావనపాడు ఆవిడ, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని. ఇద్దరూ కూడబలుక్కున్నారు. శ్రీకాకుళం దాటేదాకా వాళ్ళు ఉప్పు ధర గురించి మాట్లాడుకున్నారు గాని నావైపు ఒక్క మాట వెయ్యలేదు.

మందిరం గురించి చెప్పకపోవడమే మంచిది. బయట పాలరాయి, లోపల చల్లటి గాలి, అద్దాలపెట్టెల్లో అతని కళ్ళద్దాలు, అతని చెప్పులు, నా మగ్గు. ఒక పెట్టెలో చిన్న ప్లాస్టిక్ స్టూలు. 'చివరి రోజుల్లో కూర్చున్నది' అట. మనిషి కూర్చున్న ప్రతిదాన్నీ దాస్తే, నిలబడ్డ మనిషిని ఎక్కడ పెడతారు?

పరిశోధకుడు ఎదురొచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నడిగోడ మీద బొమ్మ. కింద నేను రాయడానికి పెన్సిల్ గీతలు కూడా గీసి ఉంచారు. పక్కన బల్ల వేశారు ఎక్కడానికి. ఆడవాళ్ళిద్దరూ తలుపు దగ్గర ఆగారు. ఇంక దాటేసే చోటు లేదు.

"బాబూ, చిన్న సవరణ" అన్నాను. "అక్కడ మనిషి ఉంది."

"ఎక్కడ గురువుగారూ?"

"బొమ్మలో. అది ఏరు కాదు. ఎండుచేపలావిడ. టెక్కలిలో మా గది గుమ్మం. నేను శ్రీముఖలింగం అన్నది అబద్ధం."

అతను జాలిగా నవ్వాడు. నా మోచెయ్యి పట్టుకున్నాడు, నేను పడిపోతానేమోనన్నట్టు. "మీరు అలిసిపోయారు. పెద్దవయసులో జ్ఞాపకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి గురువుగారూ. అసలు మాట నా దగ్గర భద్రంగా ఉంది." సెల్‌ఫోను తీసి నొక్కాడు. నా గొంతే. గొంతు తగ్గడం, కాస్త ఆగడం, తరవాత: అక్కడ మనిషి జాడ లేదు. ఉన్నది ఏరొక్కటే.

ఒప్పుకోవాలి, చాలా బాగా చెప్పాను. నా అబద్ధానికి సాక్ష్యం ఉంది. నా నిజానికి మతిమరుపని పేరు పెట్టారు. అంతటితో నేను ఓడిపోయి, కుంచె తీసి, ఆ వాక్యమే రాసేవాణ్ణి. ఒట్టు, రాసేవాణ్ణే. శాలువా సంగతి అప్పటికీ గుర్తుంది.

తలుపు దగ్గర్నుంచి ఆవిడ కుంటుకుంటూ వచ్చింది. సంచీలోంచి పాతచీర పేలిక తీసింది. ఎవరివంకా చూడకుండా ఎడమచేతి మీద గిరగిరా చుట్టి, కొస ఎడమవైపుకి దోపి, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. బొమ్మ పక్కన నిలబడి మాకు వీపు తిప్పింది.

వంపు మీద వంపు. ఎడమన ముడి.

పరిశోధకుడు బొమ్మని చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ బొమ్మని చూశాడు. చదువుకున్నవాడు, ఊరికే ఒప్పుకోడు. "అంటే... ఏరు కూడా స్త్రీయే కదమ్మా. ఆయన మీలో ఏటిని చూసి ఉంటారు" అన్నాడు.

ఆవిడ తిరిగింది. "నానేరుని కాను బాబూ. నాకు మోకాళ్ళ నొప్పులు. ఏటికి మోకాళ్ళుంటాయేటి?"

నా భార్య నవ్వేసింది. ఆ చల్లటి హాల్లో మారుమోగింది.

నేను బల్ల ఎక్కాను. ఎక్కితే బొమ్మ సరిగ్గా నా కళ్ళకి ఎదురుగా వచ్చింది. ఇన్నేళ్ళ తరవాత అంత దగ్గరగా చూడటం అదే. ఆ ముడి. తడిసి ఆరిన గుడ్డ కొస ఎలా బిరుసెక్కుతుందో, గంప బరువుకి ఒక వారగా ఎలా నలుగుతుందో, రెండే రెండు కుంచె దెబ్బల్లో ఉంది. సున్నా చుట్టడం రాని చెయ్యి అది. వెనక 'ఏటి బొమ్మ' అని తమాషాకి రాశానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను, ఇందాక మీకూ అలాగే చెప్పాను. తమాషా కాదు. ఆ ముడి చూసిన రోజే నాకు తెలిసిపోయింది, నేను జన్మంతా బోర్డులే రాస్తానని. అతని చెయ్యి చూసి ఏడుపు. దానిమీద ఏదైనా వెకిలి మాట రాయకపోతే ఆ రాత్రి నాకు అన్నం దిగేది కాదు. ఆవిడ మాట చేతికందింది, రాశాను. శ్రీముఖలింగం కథ కూడా అంతే. బొమ్మలో నాకు చోటు లేదు కాబట్టి, చోటున్న మనిషిని తోసి నేను కూర్చున్నాను.

కుంచె ముంచాను. నీలం ఎనామిల్. 'ఏటి బొమ్మ' అని రాశాను. పరిశోధకుడు ఊపిరి పీల్చుకున్నాడు. పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

"గురువుగారూ! అదేంటి?"

"అది అప్పుడే ఉండాలి. మర్చిపోయాను."

కింది వరసకి వచ్చాను. అతను గీసిన పెన్సిల్ గీత మీద కుంచె ఆనించి ఆగిపోయాను. ఏం రాయాలో తెలుసు: మనిషి ఉంది, పలానా ఆవిడ, భావనపాడు. పలానా దగ్గర చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగాను.

"అమ్మా, నీ పేరేంటి?"

ఏరుకి గుడిని, మలుపుని, గర్భాన్ని కల్పించినవాణ్ణి. ఏళ్ళతరబడి ఆ మనిషి చేతి కూడు తిన్నవాణ్ణి. మనిషి జాడ లేదని నేను చెప్పింది అబద్ధమని ఇంతసేపూ ఒప్పుకుంటున్నాను గాని, నావరకు అది నిజమే. అక్కడో మనిషి ఉందని నేనే ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ కోప్పడలేదు. "సిత్రం సూసినావా వొదినా, మా బాబుకి నా పేరు తెల్దట" అని నా భార్యతో అంది. నా భార్య చెప్పింది, ఇంటిపేరుతో సహా. తనకి ఎప్పట్నుంచో తెలుసు.

రాశాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏ కొట్టు పేరూ రాయలేదు. కింద మూలన నా పేరు, 'ఆర్ట్స్' పెట్టలేదు. పెట్టబోయాను. నా భార్య దగ్గింది.

పరిశోధకుడు టర్పెంటైన్ కోసం వెతికాడు. అది నా సంచీలో ఉంది, సంచీ నా భార్య చంకలో ఉంది. ఇంకో మనిషిని పిలిపించి చెరిపి రాయిద్దామంటే, చేత్తో అక్షరం రాసేవాళ్ళని ఫ్లెక్సీలు ఎప్పుడో మింగేశాయి. మర్నాడు పొద్దున్న పెద్దమనుషులొచ్చి, చదివి, తలలూపి, "ఎంత లోతైన ప్రశ్న!" అన్నారు. నాకు శాలువా కప్పలేదు. ఆ పేరు ఎవరిదో ఒకరు అడిగితే, ముందువరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆవిడ చెయ్యెత్తింది, ఎడమచెయ్యి. పండగ సెలవులయ్యాక అచ్చు పలక తెచ్చి ఆ గోడ మీద బిగిస్తామంటున్నారు. బిగించుకోనీ. పేరు చదవాలనుంటే అంతలోగా వెళ్ళి చదవండి.

రాసిన రోజు మాట ఒకటి మిగిలింది. బయల్దేరబోతూ ఆవిడ నా అక్షరాల ముందు ఆగింది. చదువు రాదు. వేలితో ప్రశ్న గుర్తుని చూపించి, "ఇదేటి బాబూ, గేలం యెట్టినావు?" అంది.

"నువ్వడిగిన మాటకి అలాంటిది ఒకటుండాలమ్మా."

"అలగా" అంది. తరవాత బొమ్మవైపు తల ఎత్తింది. నడుం మీద చెయ్యేసుకుని, ఆ రోజులాగే, చాలాసేపు చూసింది. పరిశోధకుడు కూడా పక్కనే ఉన్నాడు, ఏమంటుందోనని.

"ముడి బాగా ఏసినాడు" అంది. "మొహాలు రావేమో పాపం, ఆ బాబుకి."